పద్నాలుగు చెంబులు

పొద్దుటి ఎండ గోడకు తగిలిందంటే చాలు, వన్నూరమ్మ పాపను చంకనేసుకుని కుండ దగ్గరకు పోయి కూర్చునేది. గోడ అడుగున సన్నటి రాతికాలువ, కాలువ చివర మట్టికుండ. మొదట ఒక చుక్క. కాసేపటికి ఇంకో చుక్క. ఎండ ముదిరేకొద్దీ చుక్కలన్నీ కలిసి దారమంత ధార అయ్యేది. పదిగంటలకు ఆగిపోయేది. అప్పుడు కుండలో నీళ్ళను చెంబుతో కొలిచి, తలుపు పక్కన తగిలించిన పలక మీద అంకె వేయాలి. ఆ ఇల్లు ఇచ్చినప్పుడు పెట్టిన షరతుల్లో అదొకటి.

పద్నాలుగు. నెలన్నర నుంచి ఆ అంకె పదమూడుకు దిగింది లేదు. మిగతా పదకొండిళ్ళలో ఎనిమిది. ఏ రోజన్నా గోడకు బుద్ధిపుడితే తొమ్మిది.

చౌటిబయలుకు తాగేనీళ్ళు లేవు. బోరునీళ్ళున్నాయి గానీ అవి ఫ్లోరైడు నీళ్ళు. గుడ్డలుతకడానికి, ఒళ్ళు కడుక్కోవడానికి సరే, గొంతులో పోసుకుంటే పళ్ళు పచ్చబడి, నడుములు వంగిపోతాయి. అందుకని వారానికి రెండుసార్లు ట్యాంకరు వచ్చేది. అది వచ్చిన రోజు ఊరికి ఊరే బిందెలతో రోడ్డెక్కేది.

ఆ ఊరి చౌడు మీద పట్నం నుంచి వచ్చిన పరిశోధకుడు నీలకంఠం సారు కన్నుపడింది. చినుకు రాలకపోయినా తెల్లారేసరికి చౌటినేల చెమ్మగా ఉంటుంది, కాలు పెడితే అంటుకుంటుంది. అక్కడ పుట్టి పెరిగినవాళ్ళందరూ దాన్ని తిట్టుకుంటూ దాటిపోయారు. ఆయనొక్కడే గొంతుక్కూర్చుని, ఈ తడి ఎక్కడిదని ఆలోచించాడు. చౌడులోని ఉప్పు గాలిలో చెమ్మను పీలుస్తోందని తేల్చాడు. ఏడేళ్ళు కిందామీదా పడి, ఆ ఉప్పును బొగ్గుపొడిలో, బంకమట్టిలో కలిపి ఇటుకలు పోశాడు. చీకటిపడితే గాలిని తాగే ఇటుక. ఎండ తగిలితే తాగినదాన్ని ఆవిరిగా కక్కే ఇటుక. ఆ ఆవిరి గోడ నడిమి సందులో నిలబెట్టిన చల్లటి నాపరాళ్ళకు తగిలి నీళ్ళయి కాలువలోకి దిగుతుంది. కరెంటు లేదు, మోటారు లేదు. ఇల్లే బావి.

వన్నూరమ్మ మొగుడు తిప్పేస్వామి ఆ ఇటుకల షెడ్డులో అచ్చులు తీసేవాడు. అందుకే పరీక్షకని ఆ ఇటుకలతో కట్టిన పన్నెండిళ్ళలో ఒకటి వాళ్ళకు వచ్చింది. షరతులు రాసిన కాగితాన్ని వన్నూరమ్మే చదివి అత్త హనుమక్కకు వినిపించింది. గోడకు మట్టిగానీ సున్నంగానీ పూయరాదు. మేకు కొట్టరాదు. ఇటుక రంధ్రాల్లో దుమ్ము చేరుతుంది కాబట్టి పొద్దుగూకాక కిటికీలు తెరవరాదు. తొమ్మిదో తరగతిలో బడి మాన్పించారు గానీ, చదవడంలో, లెక్కల్లో ఆమె తడబడేది కాదు. కాగితం చదువుతున్నంతసేపూ ఆమెకు ఒకటే బెంగ, ఇందులో బిడ్డకు హాని చేసేది ఏమన్నా ఉందా అని. ఏమీ కనపడలేదు.

పాపకు ఐదో నెల. వన్నూరమ్మకు పాప తుమ్మినా భయమే, తుమ్మకపోయినా భయమే. ఆమె అక్క బిడ్డ నాలుగు నెలలకే చిక్కి శల్యమై ప్రాణం విడిచింది. ఆరుబయట ఆరేసిన పొత్తిగుడ్డల మీదుగా పక్షి ఎగిరిందనీ, దాని నీడ పడి బిడ్డకు పక్షిదోషం తగిలిందనీ అందరూ అన్నారు. వన్నూరమ్మ ఆ బిడ్డను చేతుల్లో పెట్టుకుని చూసింది. అందుకే తన పాప గుడ్డ ఒక్కటి కూడా ఆకాశం కింద ఆరేయలేదు. హనుమక్క అడ్డదిడ్డంగా రెండు తాళ్ళు కట్టింది. పన్నెండు పొత్తిగుడ్డలు, పక్కగుడ్డలు, పాతచీర ముక్కలు, వన్నూరమ్మ పాలు కారి తడిసిన రవికెలు, అన్నీ పొద్దుగూకే వేళకు ఉతికి, పిండి, ఇంట్లోనే ఆరేసేవారు. తెల్లారేసరికి పెళపెళలాడుతూ ఆరిపోయేవి. ఈ ఇంట్లో గుడ్డలెంత బిన్నగా ఆరతాయో అని హనుమక్క మురిసిపోయేది.

వారానికోసారి పట్నంలోని ప్రయోగశాల నుంచి హసీనా అనే అమ్మాయి రిజిస్టరు పట్టుకుని వచ్చి పలకల మీది అంకెలు ఎక్కించుకునేది. వన్నూరమ్మ ఇంటి గడపలో అడుగుపెట్టగానే ఆ అమ్మాయి ముఖం విప్పారేది. నీలకంఠం సారు కూడా రెండుసార్లు స్వయంగా వచ్చాడు. గోడను తట్టి చూసి, ఏం చేస్తున్నావమ్మా అని అడిగాడు. ఏమీ చేయడం లేదని వన్నూరమ్మ నిజమే చెప్పింది. ఆయన బయటికొచ్చి మిగతావాళ్ళను నిలబెట్టి చీవాట్లు పెట్టాడు. ఒక్క ఇల్లు ఇస్తున్నప్పుడు మీ ఇళ్ళెందుకివ్వవు, మీరు కిటికీలు తెరుస్తున్నారు, గోడను కాపాడుకోవడం లేదు అన్నాడు. ఆ రోజు నుంచి వాళ్ళు కిటికీ సందుల్లో కూడా గుడ్డలు కుక్కారు. అంకె పెరగలేదు.

పక్కింటి సాలమ్మకు ఒళ్ళు మండింది. పిట్టగోడ అవతలి నుంచే అడిగింది.

"ఏం వన్నూరా, గోడ చెవిలో మంత్రమేమన్నా చెప్తాండావా? రోంత మాకూ నేర్పరాదా, సారుతో తిట్లు తప్పుతాయి."

"నాకేం తెలుసక్కా. అదే ఇస్తాంది."

"ఇస్తాదిస్తాది. మొగుడు ఇటుకల షెడ్డులో ఉంటే మంచి ఇటుకలు యాడికి పోతాయిలే."

వన్నూరమ్మకు ఏడుపొచ్చింది. కానీ లోపల ఎక్కడో, ఒకటో నంబరు ఇల్లు నాది అన్న గర్వం కూడా ఉంది. లేదనడం అబద్ధం. సాలమ్మ కొడుక్కు మూడేళ్ళు. వాడి పెదాలు చిట్లి ఉండడం, ముక్కులో నెత్తురు ఎండి ఉండడం ఆమె చూసింది. వేడి చేసింటుందిలే అని సాలమ్మ అంది. అట్లే ఉంటుందని వన్నూరమ్మా అనుకుంది.

సోమవారం నాడు హసీనా వారం తిరక్కముందే వచ్చింది. గురువారం పెద్ద అధికారి వస్తున్నాడంది. పద్నాలుగు చెంబులంటే నలుగురున్న ఇంటికి తాగను, వండను సరిపోతుంది. ఒక ఇల్లు ఇచ్చిందంటే అన్నీ ఇవ్వగలవని లెక్క. ఆ లెక్క మీదనే మూడువందల ఇళ్ళు కడతారు, చౌటిబయలుకు ట్యాంకరు ఆపేస్తారు. ట్యాంకరు నీళ్ళు ఇంకా దూరపు ఊళ్ళకు పోతాయి. అంతా సంతోషంగా చెప్పి, పోయేముందు తాళ్ళకేసి చూసి నసిగింది. ఫొటోలు తీస్తారక్కా, ఈ గుడ్డలు కనపడితే బాగుండదు, నాలుగు రోజులు తీసేయండి అంది.

హనుమక్క తాళ్ళు విప్పేసింది. గుడ్డలను ఇటుకల షెడ్డుకు తీసుకుపోయి ఆరేసింది. దానికి పైకప్పు ఉంది కాబట్టి పక్షి భయం లేదు.

మంగళవారం పలక మీద పదకొండు పడింది. కొలవడంలో తప్పు జరిగిందేమోనని వన్నూరమ్మ మళ్ళీ కొలిచింది. పదకొండే. ఆ పొద్దంతా పాప పాలు తాగుతూ మధ్యలో వదిలేసి పొడిదగ్గు దగ్గింది. బుధవారం పొద్దున ఉయ్యాలలోంచి ఎత్తుకుంటే పాప కింది పెదవి నడిమికి చీలి ఉంది. పొత్తిగుడ్డ పొడిగా ఉంది. తెల్లవార్లూ ఒక్కటే తడిపింది.

కుండలో ఎనిమిది చెంబులు.

వన్నూరమ్మ చాలాసేపు తాళ్ళు లేని ఇంటిని చూస్తూ నిలబడిపోయింది. తర్వాత షెడ్డుకు పోయి, ఆరిన గుడ్డలన్నీ మూటగట్టుకుని తెచ్చింది. పెరట్లో గంగాళంలో ఇరవై చెంబుల బోరునీళ్ళు కొలిచి పోసింది. గుడ్డలన్నీ అందులో ముంచింది. రోజూ పిండినట్టే, అంతే బలంతో, ఒక్కొక్కటీ ఆ గంగాళంలోకే పిండి పక్కన పెట్టింది. మిగిలిన నీళ్ళు కొలిచింది. పద్నాలుగు మిగిలాయి. ఆరు చెంబులు గుడ్డల్లో ఉన్నాయి.

ఎనిమిదీ ఆరూ పద్నాలుగు. రెండో తరగతి పిల్ల కూడా చెప్పే లెక్క. నెలన్నర నుంచి ఆ గోడ తాగింది గాలిని కాదు. ఆమె పాప గుడ్డల్ని. రాత్రి బోరునీళ్ళను గుడ్డల్లోంచి పీల్చుకుని, పొద్దున గాలినీళ్ళని పేరుపెట్టి కుండలో పోసింది.

ఆమెకు అది కూడా అంత పెద్దగా అనిపించలేదు. రెండో సంగతి తట్టినప్పుడే లోపలికి పరుగెత్తి పాపను ఎత్తుకుంది. గోడకు రెండు ముఖాలున్నాయి. బయటి ముఖం బయటిగాలిని తాగుతుంది, లోపలి ముఖం లోపల ఉన్నదాన్ని తాగుతుంది. గుడ్డలున్నన్నాళ్ళూ గుడ్డల్ని తాగింది. గుడ్డలు తీసేస్తే మూసిన ఇంట్లో ఇంకేం తడి ఉంది? ఊపిరి ఉంది. కళ్ళు, ముక్కు, పెదాలు ఉన్నాయి. ఉయ్యాల గోడకు మూరెడు దూరంలో ఉంది. సాలమ్మ ఇంట్లో ముందునుంచీ గుడ్డల్లేవు. ఆ పిల్లోడి ముక్కులో నెత్తురు ఎందుకొస్తోందో ఎవరూ అడగలేదు. పైగా తన పలక మీది అంకె చూపించి వాళ్ళ కిటికీలు మూయించారు.

పాపను భుజాన వేసుకుని ఆమె ఆ మిట్టమధ్యాహ్నమే ఊరిచివర ఉన్న సారు గదికి పోయింది. గది నిండా చల్లటి గాలి. బల్ల మీద గాజుపెట్టె, దానిలో త్రాసు, త్రాసు మీద ఒకే ఒక్క ఇటుక. నీలకంఠం సారు రేపటి కోసం కాగితాలు సర్దుకుంటున్నాడు. వన్నూరమ్మ గంగాళం లెక్క, పెదవి సంగతి, సాలమ్మ కొడుకు సంగతి వరసగా చెప్పింది. ఒక్క అంకె కూడా తడబడలేదు.

ఆయన మొదట నవ్వబోయాడు. గుడ్డలెన్ని అని అడిగాడు. చెప్పింది. ఆయన కాగితం మీద ఏదో వేసుకుని, పెన్ను కింద పెట్టేశాడు.  తర్వాత, గాజుపెట్టెలో ఇటుక ఎంత తాగుతుందో ఏడేళ్ళుగా చూస్తున్నాననీ, మనుషులకు హాని చేసేంత తాగదనీ అన్నాడు. ఆ మాటలు ఆమెకు చెప్తున్నట్టు లేవు.

"ఆ పెట్టెలో ఎప్పుడన్నా బిడ్డను పండుకోబెట్టి చూసినారా సార్?"

ఆయన పాప పెదవి వైపు చూసి చూపు తిప్పుకున్నాడు.

"రేపు ఒక్కరోజు ఓపిక పట్టమ్మా. అనుమతి రానీ. తర్వాత తీరిగ్గా నేనే సరిచేస్తాను. ఇప్పుడు ఈ మాట బయటికి పోతే మొత్తం ఆగిపోతుంది. ఏడేళ్ళమ్మా."

"రేపు ట్యాంకరు ఆపినాక, ఎల్లుండి మీరు సరిచేసేదాంక మా ఊరోళ్ళు ఏం తాగల్ల?"

ఆయన మళ్ళీ కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. వన్నూరమ్మ లేచి వచ్చేసింది.

ఇంట్లో అంతకంటే కష్టమైంది. సంగతి విని తిప్పేస్వామి తల పట్టుకున్నాడు. షెడ్డులో ముప్పైమంది పనిచేస్తున్నారు. మూడువందల ఇళ్ళు వస్తే మూడేళ్ళపాటు ఎక్కడికీ వలసపోయే పని లేదు. బెంగుళూరులో కట్టడాల కింద రేకుల పాకలో పడుకున్న రోజులు ఆయనకింకా గుర్తున్నాయి. తడిగుడ్డలు మళ్ళీ తాళ్ళకు వేయమన్నాడు. పాపకూ మంచిదే, అంకె కూడా వస్తుంది, ఒక్క పూట చాలు అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు. అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. గుడ్డలు కడితే తన పాప పెదవి మానుతుంది, తన ఇల్లు ఒకటో నంబరుగానే ఉంటుంది. ఎండిపోయేది మిగతా మూడువందల ఇళ్ళు.

"నా బిడ్డ ఒంటేలు గుడ్డలు చూపించి ఊరి నీళ్ళు ఆపమంటావా? నాతో కాదు. నువ్వు కట్టినా నేను ఇప్పుతా."

తిప్పేస్వామి కంచం ముందు నుంచి లేచిపోయాడు. హనుమక్క ఇద్దరి మధ్యా నిలబడి ఎటూ చెప్పలేక పాపను తీసుకుంది. వన్నూరమ్మ ఇంటి కిటికీలన్నీ బార్లా తెరిచి పడుకుంది.

గురువారం పొద్దున ఊరి నడుమ షామియానా వేశారు. కుండలోకి ధార సన్నబడే వేళకు వన్నూరమ్మ గుడ్డలన్నీ ఉతికి పిండింది. కరెంటు స్తంభం నుంచి తన వాకిలి దాకా, పెద్దవాళ్ళు నడిచొచ్చే దారికి అడ్డంగా తాడు కట్టింది. హనుమక్క వచ్చి చేయి పట్టుకుంది. బయటొద్దు తల్లీ, పైన డేగ తిరుగుతాంది చూడు అని బతిమాలింది. వన్నూరమ్మ తలెత్తి చూసింది. నిజంగానే తిరుగుతోంది.  అక్క బిడ్డ కళ్ళ ముందు మెదిలింది. ఇంట్లో ఆరేస్తే గోడ తాగుతుంది, బయట ఆరేస్తే పక్షి చూస్తుంది. రెండు భయాల్లో ఒకదాన్ని ఆమె పాప పుట్టిన నాటి నుంచి మోస్తోంది. రెండోదాన్ని నిన్న తన చెంబుతో కొలిచింది.

కొలిచినదానికే ఆమె ఎక్కువ భయపడింది. మొదటి పొత్తిగుడ్డ దులిపి తాడు మీద వేసింది. పన్నెండూ వేసింది. డేగ నీడ మట్టి మీద జారి గుడ్డల మీదుగా పోయింది. వన్నూరమ్మ పళ్ళు బిగించి చీరముక్కలు కూడా వేసింది.

పదిగంటలకు అధికారి జీపు దిగాడు. వెనక నీలకంఠం సారు, హసీనా, కెమెరావాళ్ళు. తాడు దగ్గర అందరూ ఆగిపోవలసి వచ్చింది. ఎవరో గుడ్డలు పక్కకు లాగబోతే వన్నూరమ్మ ఒద్దని అడ్డం నిలబడింది. వంగి రమ్మంది. అధికారి వంగాడు. తడి పొత్తిగుడ్డ ఒకటి ఆయన భుజానికి రాసుకుంది.

పలక మీద ఏమీ లేదు. ఆమె అందరి ముందూ కుండ వంచి, చెంబుతో కొలిచింది. ఒకటి, రెండు అని పైకే లెక్కపెట్టింది. ఎనిమిదోది నిండి ఆగింది. పద్నాలుగన్నారే అని అధికారి వెనక్కి తిరిగి అడిగాడు. మిగతా ఆరు చెంబులు బయట తాడు మీద ఉండాయి సార్, ఇంతకుముందు ఇంట్లో ఉండేవి అంది వన్నూరమ్మ. గంగాళం లెక్క మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. చెప్తుండగానే సాలమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చి, కొడుకు ముఖాన్ని రెండు చేతులతో పట్టి అధికారి వైపు తిప్పింది. 

అధికారి నీలకంఠం సారును అడిగాడు, ఈ అమ్మాయి చెప్పేది నిజమేనా అని. ఆయన గోడను చూశాడు, తన ఏడేళ్ళను చూసుకున్నట్టు. "కొలత సరిగానే ఉంది సార్" అన్నాడు.

ఫొటోలు తీయలేదు. షామియానా కింద కొబ్బరిబోండాలు అట్లాగే ఉండిపోయాయి. పోయేముందు అధికారి, షరతులు పాటించేవాళ్ళకే ఇల్లు, లేకపోతే ఖాళీ చేయించండి అని ఎవరితోనో అంటూ జీపెక్కాడు. ట్యాంకరు ఆపే కాగితం మీద మాత్రం సంతకం పెట్టలేదు.

జీపు దుమ్ము తగ్గకముందే వన్నూరమ్మ తట్టెడు ఎర్రమట్టి తెచ్చి సున్నం కలిపింది. ఉయ్యాల వైపు గోడకు దోసిలితో కొట్టింది. నీలకంఠం సారు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. లోపల పూస్తే గోడ సగం చచ్చిపోతుందనీ, ఐదు చెంబులు కూడా గ్యారంటీ లేదనీ అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

"ఐదైతే ఐదు. బయటిగాలి ఎంతన్నా తాగమనండి సార్, దానికి నేను అడ్డం రాను. లోపలిగాలి మాది."

"ఇల్లు ఖాళీ చేయమంటారమ్మా."

"రమ్మనండి. మట్టి ఆరేదాంకన్నా ఆగల్ల కదా, అంతలో ఇంకో గోడ పూస్తా."

సాయంత్రానికి సాలమ్మ వచ్చి మిగిలిన మట్టి తీసుకుపోయింది. అడగలేదు, తీసుకుపోయింది. తెల్లారి ఇంకో నాలుగిళ్ళలో కిటికీ సందుల గుడ్డలు ఊడి వాకిట్లో పడి ఉన్నాయి.

తిప్పేస్వామి ఐదురోజులు ఆమెతో మాట్లాడలేదు. షెడ్డులో సగంమందిని రావద్దన్నారు, అందులో ఆయనా ఉన్నాడు. ఆరోరోజు తాడిపత్రిలో రాళ్ళ పాలిషు పని ఉందని గుడ్డలు సర్దుకున్నాడు. బస్సెక్కబోయే ముందు ఉయ్యాల దగ్గర చాలాసేపు వంగి పాప పెదవిని చూశాడు. చీలిక పూడి, సన్నటి గీత మిగిలింది.  

తర్వాతి సోమవారం హసీనా వచ్చింది. పలక మీద ఐదు ఉంది. ఆ అమ్మాయి రిజిస్టరు తెరిచి, పెన్ను పట్టుకుని అట్లాగే కూర్చుంది. తల వంచుకునే చెప్పింది. పైవాళ్ళు ఈ ఇంటి పాత అంకెలూ కొత్త అంకెలూ కలిపి సగటు రాయమన్నారట. సగటు తీస్తే పన్నెండు దాకా వస్తుందట. నీలకంఠం సారు ఒప్పుకోలేదట గానీ, ఆయన మాట ఇప్పుడెవరూ వినడం లేదట.

వన్నూరమ్మ పాపను ఒడిలో పెట్టుకుని ఆమె పక్కనే చాప మీద కూర్చుంది. రిజిస్టరు తన వైపు తిప్పుకుని, పైనుంచి కిందికి నెలన్నర పద్నాలుగుల మీద వేలు పెట్టి నడిపింది. ఖాళీ గడి దగ్గర వేలు ఆపింది.

"ఇక్కడ రాయి హసీనా. ఐదు."

హసీనా రాసింది.

"అంకె ఒక్కటే చాలదు మా. ఎవురన్నా ముందు ఒకటి చేర్చితే పదిహేనైపోతాది. పక్కన అక్షరాల్లో కూడా రాయి."